నలభై ఆరు నడుములు సరిదిద్దుట గురించి

మాజీ సైనికుల ఆరోగ్య సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నలభై ఆరుగురు మాజీ సైనికుల నడుము కొలతలు తమ రికార్డులో తప్పుగా నమోదైనందున, ఆ తప్పు వారిది కాక పూర్తిగా నాదైనందున, ఈ నెల ఇరవై ఎనిమిదో తేదీలోగా సరిచేసి, అందరికన్నా ముందు మా బావగారికి హాజరు ఉత్తర్వు ఇప్పించుట గురించి.

సూచిక: తమ ఆఫీసు నుంచి వచ్చిన "తక్కువ ప్రమాదం" ఉత్తరాలు, నలభై ఆరు.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను తమ ఆఫీసు వెనక గేటుకి ఎదురుగా, మెట్ల కింద ఉన్న యూనిఫాం టైలరును. మా నాన్నగారు కూడా అదే మెట్ల కింద, అదే మిషను మీద కుట్టారు. తమరు కిటికీ దగ్గర నిలబడితే నా బోర్డు సగం కనిపిస్తుంది. మిగతా సగాన్ని తమ ఆఫీసు వారి నీళ్ళ పైపు కప్పేసింది. అది వేరే అర్జీ, ఇందులో కలపను.

2. ఏటా మాజీ సైనికుల కవాతు జరుగునని తమకు తెలిసినదే. దానికి నెల ముందు నుంచి వీళ్ళందరూ పెట్టెల అడుగు నుంచి యూనిఫాంలు తీసి నా దగ్గరికి తెస్తారు. ఆ నెలంతా నా షాపు కలరా ఉండల వాసనే. ప్రతి ప్యాంటుకీ నడుం పట్టీ లోపల వేలెడంత గుడ్డ చీటీ ఒకటి ఉంటుంది. సైన్యంలో చేరిన రోజున ఆ మనిషి నడుము ఎన్ని అంగుళాలో దాని మీద ఎర్ర దారంతో కుట్టి ఉంటుంది. పతకాలు ఎక్కడో మర్చిపోయిన వాళ్ళున్నారు గానీ ఆ చీటీ మీద నంబరు మర్చిపోయిన వాడు నాకు ఇంతవరకు తగల్లేదు.

3. మా బావగారు, అనగా మా అక్క భర్త, వంతెనలు కట్టే దళంలో ఇరవై రెండేళ్ళు పనిచేశారు. సర్వీసులో ఉండగా పొద్దున్నే పది కిలోమీటర్లు పరిగెత్తి వచ్చి ఆరు గుడ్లు తినేవారు. మోకాలు దెబ్బతిని రిటైరయ్యాక పరుగు ఆగిపోయింది, గుడ్లు ఆగలేదు. అక్కడ భోజనానికి ఏడు నిమిషాలే ఇచ్చేవారట. ఇప్పటికీ ఏడు నిమిషాల్లోనే తింటారు, ఎవరో విజిల్ ఊదేస్తారన్నట్టు. కడుపు నిండిందన్న కబురు తలకి చేరేలోపు రెండో ప్లేటు కూడా ఖాళీ అవుతుంది.

పంతొమ్మిదేళ్ళ కిందట కవాతుకి వారం ముందు ఆయన ప్యాంటు పట్టుకుని వచ్చి, హుక్కు పడటంలేదు, నీ దగ్గర ఇస్త్రీకి ఇస్తే గుడ్డ కుంచించుకుపోయిందని నా మీద ఎగిరారు. నేను కొలిచాను. ముప్పై నాలుగు. బావతో వాదించి గెలిచిన బావమరిది ఎవరూ లేరు కాబట్టి, నోరు మూసుకుని వెనక కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డ లాగి రెండంగుళాలు వదులు చేశాను. లోపలి చీటీ ముట్టుకోలేదు. అది ముప్పైరెండు అనే ఉంది. ఆయన తొడుక్కున్నారు, పట్టీ తిప్పి చీటీ చూసుకున్నారు, నా అద్దంలో తనకు తనే సెల్యూట్ కొట్టుకున్నారు. ఆ ముఖం చూశాక నాకు నిజం చెప్పబుద్ధి కాలేదు. అయ్యా, నా నేరం అక్కడ మొదలైంది.

4. ఆ పై ఏడు లోపలి గుడ్డ అయిపోయింది. కొత్త ప్యాంటు కుట్టాల్సొచ్చింది. ముప్పై ఎనిమిది నడుముకి కుట్టి, పాత చీటీ జాగ్రత్తగా ఊడదీసి కొత్తదానికి కుట్టాను. బావ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆయనకే తెలియదు. కానీ ఆయన ముప్పైరెండులోనే ఉన్నానని ఊరంతా చెప్పుకున్నారు. దాంతో ఆయన దోస్తులందరూ వరస కట్టారు. సిగ్నల్స్ దళంలో చేసి, ఇప్పుడు కూడా పక్కవీధికి వినపడేలా మాట్లాడే ఆయన ఒకరున్నారు, అందరూ రేడియో అంటారు. ఆయనైతే లోపలికొస్తూనే, మీ బావకి కుట్టినట్టే నాకూ కుట్టు మాస్టారూ అన్నారు. అంతే. ముప్పై, ముప్పైరెండు, ముప్పై నాలుగు అని ఎర్ర దారంతో చీటీలు కుట్టి డబ్బాలో పెట్టుకున్నాను. ఏ చీటీ ఏ నడుముకి వెళ్ళిందో కొలతల పుస్తకంలో మాత్రం నిజమే రాశాను. కత్తెర అబద్ధం ఒప్పుకోదు, ముప్పైరెండుకి కత్తిరిస్తే నలభై నాలుగు పట్టదు కదా.

5. ఇట్లుండగా, ఈ ఏడు తమ ఆఫీసు వారు దయతో క్యాన్సర్ ముందస్తు పరీక్షల శిబిరం ఏర్పాటు చేసి, మాజీ సైనికులందరికీ ఒక ఫారం పంపియున్నారు. అందులో నాలుగో గడి: నడుము కొలత. దాని కింద చిన్న అక్షరాల్లో, "ప్యాంటు లోపల ఉన్న నంబరు వేసినా చాలును." ఈ వాక్యం ఎవరు రాశారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ ఆయన ప్యాంటు నేను కుట్టింది కాదని మాత్రం చెప్పగలను.

నలభై ఆరుగురూ పట్టీలు తిప్పారు. నలభై ఆరుగురూ చూసింది చూసినట్టు నిజాయితీగా రాశారు. తమ కంప్యూటరు కూడా నిజాయితీగా, "ప్రమాదం తక్కువ, తమ వంతు మూడేళ్ళ తర్వాత" అని ఉత్తరాలు పంపింది. ఆ సాయంత్రం అందరూ నా షాపు ముందు చేరి టీ తాగుతూ నాలుగు పెద్ద ప్యాకెట్ల బిస్కెట్లు తిని పండగ చేసుకున్నారు. బావ తన ఉత్తరానికి ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించారు. నేను కూడా రెండు బిస్కెట్లు తిన్నాను. అప్పటికి నాకు ఏమీ అర్థం కాలేదు.

6. పది రోజుల కిందట శిబిరం డాక్టరమ్మ కోటు జేబు ఊడితే కుట్టించుకోడానికి నా దగ్గరికి వచ్చారు. జేబు కుడుతుంటే ఆవిడ కొక్కేనికి వేలాడుతున్న బావ ప్యాంటు కేసి చూసి, ఇది ఇద్దరు మనుషులు కలిసి వేసుకునేదా అని అడిగారు. నేను నవ్వాను. ఆవిడ పట్టీ తిప్పి చీటీ చూశారు, నా మెడలో టేపు తీసి పట్టీ చుట్టూ పెట్టారు, మళ్ళీ చీటీ చూశారు. టేపు నా చేతిలో పెట్టారు.

"ఈ చీటీలు ఎంతమందికి వేశారు మాస్టారూ?"

చెప్పాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఊడిన జేబు సగంలో ఉండగానే నాకు పాఠం చెప్పారు. ఒంట్లో కొవ్వు గోడౌనులో మూటలా ఊరికే పడి ఉండదట. అది కూడా రోజంతా పనిచేస్తుందట, రక్తంలోకి ఏవేవో పంపుతుందట. ఇన్సులిన్ పెరుగుతుందట, లోపల ఎప్పుడూ సన్నటి వాపు ఉంటుందట. ఏళ్ళ తరబడి అలా ఉంటే కణాలు దారి తప్పే అవకాశం పెరుగుతుందట. పెద్ద పేగు, మూత్రపిండం, కాలేయం, ఇంకా కొన్నింటి పేర్లు చెప్పారు. పొట్ట చుట్టూ చేరే కొవ్వుని మరీ గమనించాలట, అందుకే ఆ గడి పెట్టారట. లావుగా ఉన్న ప్రతివాళ్ళకీ వస్తుందని కాదు, సన్నగా ఉంటే రాదనీ కాదు, అవకాశం పెరిగినవాళ్ళని ముందుగా చూడాలి, అంతే అన్నారు.

"మీ సైనికులతో ఇంకో చిక్కుంది," అన్నారు లేస్తూ. "ఆకలి సర్వీసులోదే, కదలికేమో రిటైరైపోయింది. పైగా ఎక్కడైనా నొప్పి ఉందని చెప్పడం వీళ్ళకి ఎవరూ నేర్పలేదు."

జేబు కుట్టడం పూర్తిచేశాను. తర్వాత చూస్తే జేబు మూతి కూడా కలిపి కుట్టేశాను. ఆవిడ మళ్ళీ విప్పించుకున్నారు.

7. అదే రోజు మధ్యాహ్నం అక్క దగ్గరికి పరిగెత్తాను. విషయం మొత్తం చెప్పాను. అక్క నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, వంటగది తలుపు దగ్గరగా వేసింది. నాలుగు నెలలుగా బావకి మరుగుదొడ్డికి వెళ్ళినప్పుడల్లా రక్తం పడుతోందట. మొలలేలే అని కొట్టిపారేస్తున్నారట. ఆస్పత్రికి పదమంటే, లేచి టీవీ పైన ఫ్రేము చూపిస్తున్నారట.

"ఆఫీసు వాళ్ళే ఏం లేదని రాసిచ్చారు, నీకెందుకే భయం అంటున్నార్రా," అంది అక్క. "ఆ కాగితం వచ్చాక నా మాట అసలు వినట్లేదు."

అయ్యా, ఆ ఫ్రేములో ఉన్నది తమ కాగితమే గానీ, దానికింద ఉన్నది నా చీటీ.

8. మర్నాడు తమ ఆఫీసు మూడో కౌంటరుకి వెళ్ళి, మా బావ నడుము ముప్పైరెండు కాదు, మార్చండి అన్నాను. గుమాస్తా గారు ఫైలు తెరిచి, ముప్పైరెండు అనే ఉంది కదా అన్నారు. కాదండీ, కావాలంటే మనిషిని పిలుస్తాను, కళ్ళారా చూడండి అన్నాను. చూస్తే నేను చూసినట్టవుతుంది గానీ ఫైలు చూసినట్టు కాదు కదా అన్నారు. ఫైలుకి కళ్ళు ఎలా తెప్పించాలి అని అడిగితే, అధికారి గారికి అర్జీ పెట్టుకోండి, కొలతలు జతచేయండి, మనిషి ఒప్పుదల సంతకం ఉండాలి అన్నారు. మనిషి మంచివాడే, టీ కూడా ఇచ్చారు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

9. కావున కొలతలు తీయించవలసి వచ్చినది. పోయిన ఆదివారం కవాతు యూనిఫాం కొలతలని చెప్పి, ప్యాంట్లతో సహా అందరినీ షాపుకి పిలిచాను. తమకు తెలియని విషయం ఒకటి మనవి చేస్తాను. టేపు పట్టుకోగానే ప్రతి సైనికుడూ పొట్ట లోపలికి పీల్చేస్తాడు. అరవై ఏళ్ళొచ్చినా సరే. అట్లా తీసిన కొలతకి కుట్టిస్తే వాళ్ళు ఊపిరి వదిలిన నిమిషంలో బొత్తం ఎదురుగోడకి తగులుతుంది. దీనికి మా నాన్నగారు ఒక ఉపాయం నేర్పారు. నీ సర్వీసు నంబరు గట్టిగా చెప్పు అనాలి. అరుస్తూ పొట్ట లోపలికి పట్టడం ఎంత వీరుడివల్లా కాదు.

ఆ రోజు నలభై ఆరుగురు వరసగా నంబర్లు అరిచారు. మేడమీద వాళ్ళు దిగి వచ్చారు. ఎదురు మందుల షాపాయన యుద్ధం వచ్చిందా అని ఫోను చేశాడు. రేడియో గారు అరిచినప్పుడు నా బోర్డు మీద పైపు కూడా కదిలింది. ఒక సన్నపాటి పెద్దాయన నేను పిలవకుండానే వచ్చి నిలబడ్డారు. ఆయన నిజంగానే ముప్పై. నేనేం పాపం చేశాను, నన్నెందుకు వదిలేశావని అలిగితే, ఆయన్నీ కొలిచి విడిగా రాశాను. వయసును బట్టి ఆయన్నీ చూడాలని డాక్టరమ్మ అన్నారు కాబట్టి ఆయన అలక నెగ్గింది.

చివర బావ వచ్చారు. నంబరు అరిచారు. నేను టేపు చూసి రాసుకోకుండా నిలబడిపోయాను.

"ఎంతరా?"

"నలభై నాలుగు బావా."

"టేపు పాతదై ఉంటుంది, సాగిపోయింది."

అప్పుడు చెప్పేశాను. అందరిముందూ. చీటీలు నావని, నడుములు వాళ్ళవని, పంతొమ్మిదేళ్ళుగా ఇదే చేస్తున్నానని. తర్వాత ఒక్కొక్కరే పట్టీలు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు, అచ్చం మొదటిసారి చూస్తున్నట్టు. రేడియో గారు మొట్టమొదటిసారి మెల్లగా మాట్లాడి, నాది కూడానా మాస్టారూ అన్నారు. మీది నలభై ఆరు అన్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు అంటుకుంది. నలభై ఐదు పొట్టలు ఒకేసారి నవ్వుతుంటే మెట్ల కింద చోటు చాల్లేదు, సగంమంది వీధిలోకెళ్ళి నవ్వారు.

బావ ఒక్కరే నవ్వలేదు. టీ ఫ్లాస్కు తెచ్చిన అక్క వైపు తిరిగారు.

"నీకు తెలుసా ఇది?"

"నాకు తెలియకపోవడమేమిటండీ. అప్పట్లో నా చేతులు మీ వెనకాల ఒకదాన్నొకటి అందుకునేవి. ఎన్నాళ్ళయిందో అందుకుని."

బావ మిషను పక్కన కుర్చీలో కూర్చున్నారు. చీటీని వేలితో రుద్దుకున్నారు. వీధిలో వాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆయన నాకు మాత్రమే వినపడేలా చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఒరేయ్, కోపం లేదురా. కానీ నా అంతట నేను వెళ్ళి నాకు బాగోలేదని చెప్పలేను. నాకు నోరు రాదు. ఎవరైనా రమ్మని ఆర్డరు వేస్తే పోతాను. ఆర్డరు వస్తే ఎక్కడికైనా పోయానుగా."

ఒప్పుదల సంతకం మాత్రం పెట్టారు. నలభై నాలుగు అన్న అంకె మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పెట్టారు.

10. పై కారణములచేత నేను తమను వేడుకొనునది ఇది. జతపరచిన నలభై ఆరు కొలతలు, సంతకాలతో సహా, తమ ఫైల్లో పాతవాటి స్థానంలో వేయించగలరు. "తక్కువ ప్రమాదం" ఉత్తరాలు రద్దుచేసి కొత్తవి పంపించగలరు. అవి "రావచ్చును", "వీలునుబట్టి", "కోరడమైనది" అని ఉండకూడదు. వీళ్ళు అలాంటివి టీ కప్పు కింద పెడతారు. "హాజరు కావలెను" అని ఉండాలి, తేదీ, గంట, గది నంబరు, కింద తమ సంతకం, గుండ్రటి ముద్ర ఉండాలి. శిబిరం ఇరవై ఎనిమిదితో ఎత్తేస్తారు, మిషన్లు వేరే ఊరు వెళ్ళిపోతాయి, మళ్ళీ ఎప్పుడొస్తాయో డాక్టరమ్మకే తెలియదు. మిగతావాళ్ళది ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఓపిక పట్టగలను. బావది పట్టలేను. ఇరవై ఆరో తేదీ పొద్దున్న ఎనిమిదింటికి డాక్టరమ్మ మొదటి రెండు పేర్లు ఖాళీగా ఉంచారు. ఒకటి బావది. ఆయన ఉత్తర్వు ఈ రోజే టైపు చేయించగలిగితే నేను గేటు బయటే ఉన్నాను, పోస్టులో వేయనక్కర్లేదు, నేనే పట్టుకుపోయి ఆయన చేతిలో పెట్టి సెల్యూట్ కూడా కొడతాను.

11. ఫారంలో నాలుగో గడి కింద ఆ చిన్న అక్షరాల వాక్యం తీసేయించగలరు. దాని బదులు ప్రతి కౌంటరుకీ ఒక టేపు నేను ఉచితంగా ఇస్తాను. కొలిచేటప్పుడు నంబరు అరిపించాలని గుమాస్తా గారికి చెప్పగలరు.

12. నా విషయంలో తమరు ఏ చర్య తీసుకున్నా శిరసావహిస్తాను. చీటీల డబ్బా ఈ అర్జీతోపాటు దాఖలు చేస్తున్నాను. ఇకపై ఏ నడుముకి ఆ నంబరే కుడతాను. రేడియో గారు ఇప్పటికే తన నలభై ఆరుని బంగారు రంగు దారంతో కుట్టించుకున్నారు, ప్రతి నెలా ఒక్కో అంగుళం తగ్గి ఆ చీటీ మార్పిస్తానని పందెం కాశారు. పొద్దున్నే ఎనిమిదిమందిని వెంటేసుకుని నడుస్తున్నారు. నడుస్తున్నంతసేపూ మాట్లాడుతున్నారు, కాబట్టి వాళ్ళు ఎక్కడున్నారో ఊరందరికీ తెలుస్తోంది.

ఇందులో తప్పులుంటే నావి, కొలతలు మాత్రం ఈసారి ఖచ్చితం. దయతో చిత్తగించవలెను. నవ్వొస్తే నవ్వవచ్చును, కానీ ముందు సంతకం పెట్టి ఆ తర్వాత నవ్వవలెను.

ఇట్లు,
ఇన్నాళ్ళూ చీటీల్లో అవిధేయుడైనా, ఇకమీదట అంగుళం తేడా లేకుండా
తమ విధేయుడు,
వెనక గేటు ఎదురుగా, మెట్ల కింద, యూనిఫాం టైలరు

జతపరచినవి: కొలతల జాబితా, సంతకాలు నలభై ఆరు, అలిగిన పెద్దాయనది విడిగా ఒకటి, చీటీల డబ్బా, టేపులు ఆరు.

తా.క. అర్జీ మడతపెట్టాక గుర్తొచ్చింది, కాదు, గుర్తుంది గానీ రాయడానికి చెయ్యి రాలేదు. తమరు కూడా ఆ దళాల్లోంచి వచ్చినవారే కదా. ఏటా కవాతుకి ముందు డ్రైవరు చేత తమరు పంపే నల్ల ప్యాంటు నేనే వదులు చేస్తున్నాను. లోపల ముప్పై నాలుగని ఉంటుంది. సార్, అది నలభై రెండు. ఈ రెండేళ్ళలోనే మూడంగుళాలు విప్పాను. మిమ్మల్ని పిలిచి ఆర్డరు వేసేవాళ్ళు ఈ ఆఫీసులో ఎవరూ లేరని తెలుసు. అందుకని నేనే వేస్తున్నాను, తప్పయితే క్షమించండి: ఇరవై ఆరో తేదీ, పొద్దున్న ఎనిమిది గంటలకి, బావ పక్క కుర్చీలో హాజరు కావలెను. రెండో పేరు ఎవరిదని డాక్టరమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. పేగు లోపల చూసే పరీక్ష కాబట్టి ముందురోజంతా ఏమీ తినకూడదట, మందు కలిపిన నీళ్ళు తాగాలట. బావ ఒక్కరే అయితే గోల చేస్తారు. మీరూ తోడుంటే ఇద్దరూ కలిసి నన్ను తిట్టుకుంటూ గడిపేయొచ్చు, నాకేం ఫర్వాలేదు. మీ ప్యాంటు రెడీగా ఉంది సార్, నిజం నంబరుతో.